గుక్క తిప్పుకునేదాకా

ఆత్మకూరులో ఏం ఉద్యోగం చేస్తావని ఎవరైనా అడిగితే పిల్లల్ని ఏడిపిస్తానని చెబుతాను. వేళాకోళం కాదు, నిజమే. ఆపరేషన్ గదిని ఆనుకుని చిన్న గది ఒకటి ఉంది. మత్తు దిగుతున్న పిల్లల పక్కన నిలబడి, వాళ్ళ ఊపిరి సక్రమంగా ఆడేదాకా కాపలా కాసే నర్సుని నేను. మత్తు డాక్టరు గారు గొంతులోంచి గొట్టం తీసి పిల్లని నాకు అప్పగిస్తారు. ఆ పిల్ల గట్టిగా ఏడ్చేదాకా నాకు వేరే లోకం లేదు.

ఏడుపంటే ఊపిరి. ఏడవాలంటే గాలి లోపలికి పోవాలి, బయటికి రావాలి, గొంతు తెరుచుకుని ఉండాలి. మెలకువకీ మత్తుకీ మధ్య ఉన్న పిల్ల చాలా మోసం చేస్తుంది. హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది, నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డం పడుంటుంది. ఛాతీ లేచి దిగుతూనే ఉంటుంది, గాలి మాత్రం పోతూ ఉండదు. అందుకని పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టి, దవడ కింద రెండు వేళ్ళు పెట్టి ముందుకి ఎత్తి పట్టుకుంటాను. రెండో చెయ్యి ముక్కు దగ్గర పెడతాను. మిషను చెప్పేది ఎలాగూ చెబుతుంది, నేను మాత్రం అరచేతికి తగిలే వెచ్చటి గాలినే నమ్ముతాను.

ఇది బయట కూర్చున్న తల్లులకి తెలియదు. లోపల ఏడుపు వినబడగానే తలుపు కొడతారు. ఏడుస్తుంటే బాగున్నట్టేనమ్మా, పోయి కూర్చోండి అని కసురుతాను. ఇంకోసారి కొడితే ఇంకా గట్టిగా కసురుతాను. గయ్యాళి సిస్టరని నాకు పేరు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ నాకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. నోరు అలాగే ఉంది, ఊరు మాత్రం ఉదయగిరి నుంచి ఆత్మకూరుకి మారింది.

ఉదయగిరిలో మా అమ్మ, మా మరదలు, మా తమ్ముడి కూతురు ఉంటారు. తమ్ముడు లారీ డ్రైవరు. మర్రిపాడు మీదుగా బద్వేలు దాటి ఎక్కడెక్కడికో పోతుంటాడు, నెలలో సగం రోజులు ఫోన్లోనే కనబడతాడు. పాపకి ఐదో ఏడు. దాని గురక వీధిలోకి వినబడేది. లారీ డ్రైవరు కూతురు గదా, ఇంజను ఆపదని మా అమ్మ మురిసిపోయేది.

పోయిన ఎండాకాలం నేను వెళ్ళినప్పుడు మధ్యాహ్నం పాప ఫ్యాను కింద చాప మీద నిద్రపోతోంది. నేను పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. గురక ఆగింది. ఇంట్లో వాళ్ళకి గురక ఆగితే హాయి. నాకు మాత్రం వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. కడుపు ఎగిసిపడుతోంది, ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి లేదు. కాసేపటికి పిల్ల ఉలిక్కిపడి, గుటక వేసి, అటు తిరిగి మళ్ళీ గురక మొదలుపెట్టింది. అప్పటికే నా వేళ్ళు దాని దవడ కింద ఉన్నాయి. నిద్రబోయే పిల్లని కూడా వదలవా అని మా అమ్మ విసుక్కుంది.

నోరు తెరిపించి చూస్తే గొంతులో రెండు పక్కలా టాన్సిల్ గడ్డలు ఒకదానికొకటి తగిలేట్టున్నాయి. ఆపరేషన్ చేయించాల్సిందే అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతని ఫోన్ చేసినప్పుడల్లా వినిపించింది. మరదలు అటూ ఇటూ కాకుండా నా మొహమూ అత్త మొహమూ చూసింది. నేను పట్టు వదల్లేదు. చివరికి తమ్ముడు ఎక్కడో లారీ ఆపి ఫోన్ చేశాడు. "నాకేం తెలీదక్కా. నీ చేతిలో పెడుతుండాను" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు గెలిచాననిపించింది. ఫోన్ పెట్టేశాక భయం వేసింది.

ఆపరేషన్ రోజు తొలి బస్సుకి దిగారు ముగ్గురూ. పాప పట్టుపావడా, రెండు చేతుల నిండా గోరింటాకుతో దిగింది. గోళ్ళు ముదురు ఎరుపులో పండిపోయి ఉన్నాయి, కాళ్ళవి కూడా. అత్త ఊరికి పోయేటప్పుడు బోసి చేతులతో పంపుతామా అంది మరదలు. నాకు మండుకొచ్చింది. మత్తులో ఉన్న పిల్లకి గాలి చాలకపోతే ముందు గోళ్ళు నీలం తిరుగుతాయి, ఆ గోళ్ళకే రంగు పూసుకొస్తే నేనేం చూసేది అని బస్టాండులోనే అరిచాను. పాప తన చేతులు వెనక్కి దాచుకుంది. ముచ్చటపడి పెట్టించుకున్న పిల్లని తిట్టినట్టయింది, మళ్ళీ బుజ్జగించడానికి ఆస్పత్రి దాకా ఎత్తుకుని నడిచాను.

ఆస్పత్రిలో అందరినీ అడిగే ప్రశ్నలే వాళ్ళనీ అడిగాను. జలుబు, దగ్గు ఉన్నాయా, ఫిట్స్ వచ్చాయా, మందులు పడకపోవడం ఉందా, ఇంకేమైనా జబ్బుందా. మరదలు అన్నిటికీ లేదు వదినా, లేదు వదినా అంది. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదంది. మా అమ్మకి ఈ తతంగం నచ్చలేదు. సొంత మేనకోడలి గురించి పరాయిదానిలా అడుగుతావేందని మూతి తిప్పుకుంది.

మత్తు డాక్టరు గారు నెల్లూరు నుంచి వారంలో కొన్ని రోజులు కార్లో వస్తారు. తక్కువ మాట్లాడే మనిషి. పిల్ల ఎవరో తెలిసి, రికవరీలో వేరే సిస్టర్ని పెట్టుకుందామా అని మెల్లిగా అడిగారు. వద్దు సార్, నేనే ఉంటానన్నాను. అన్నానే గానీ, లోపల ఉండాల్సినదాన్నో, బయట మరదలి పక్కన బెంచీ మీద కూర్చోవాల్సినదాన్నో నాకే తెలియలేదు. వేరే వాళ్ళ చేతిలో పిల్లని పెట్టి బయట కూర్చోవడం నా వల్ల కాదు. లోపల ఉంటే నా చేతులు వణుకుతాయేమోనని అనుమానం. వణకలేదు, అదొక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను.

ఆపరేషన్ సజావుగానే జరిగింది. డాక్టరు గారు గొట్టం తీసి, ఊపిరి చూసుకుని, పాపని నాకు అప్పగించి పక్కగదిలో తర్వాతి కేసు దగ్గరకి వెళ్ళారు. మధ్యలో తలుపు కూడా వేసి లేదు. పాపని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాను. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే క్లిప్పు వేలికి పెడితే, గోరింటాకు వల్లనో ఏమో మొదటి నుంచీ సరిగ్గా చూపించడం లేదు, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. చెవికి మార్చాను, చెవి నుంచి జారిపోయింది. మళ్ళీ వేలికే పెట్టాను. అరచేతికి గాలి తగులుతోంది. సన్నటి గాలి, వెచ్చగా ఉంది.

కాసేపటికి పాప కదిలింది. కళ్ళు తెరిచి నన్ను చూసింది గానీ గుర్తుపట్టలేదు. మత్తు దిగేటప్పుడు పిల్లలు అలాగే చూస్తారు, తల్లిని కూడా ఎవరో దొంగని చూసినట్టు చూస్తారు. మొహం ముడుచుకుంది, నోరు వెడల్పయింది, ఏడుపు మొదలైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడువు నా తల్లీ, ఏడువు అన్నాను.

ఆ ఏడుపు సాగింది. సాగి సాగి సన్నబడి ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. ఇప్పుడు గాలి లోపలికి పోవాలి గదా, పోలేదు.

మత్తు దిగేటప్పుడు గొంతు ఒక్కోసారి బిగుసుకుపోతుంది. ఎంగిలి చుక్కో, రక్తం చుక్కో తగిలితే చాలు, లోపల తలుపులు వేసుకున్నట్టు మూసుకుంటుంది. నేను చాలాసార్లు చూశాను. అలా అయినప్పుడు పిల్ల గాలి కోసం పెనుగులాడుతుంది, మెడ కింద గుంట లోపలికి పోతుంది, కడుపు ఎగిసిపడుతుంది. ఆ రోజు నేను మెడ కిందే చూశాను. గుంట పడిందా, పడలేదా? కడుపు ఒక్కసారి కదిలింది. అది పెనుగులాటా, ఒట్టి వణుకా? గోళ్ళు చూస్తే ఎరుపు. పెదవులు చూస్తే ఆపరేషన్ రక్తం అంటుకుని ఉంది, కింద ఏ రంగుందో తెలియదు. క్లిప్పు అంకె దిగుతోంది, అది మొదటి నుంచీ ఎక్కుతూ దిగుతూనే ఉంది. ఇన్నేళ్ళుగా చూసిన చోట్లే అన్నీ చూశాను. ఏం చూస్తున్నానో మాత్రం తెలియలేదు.

చేతులు మాత్రం వాటి పని అవి చేశాయి. మాస్కు మొహానికి గట్టిగా ఆనించి, చెవుల వెనక దవడ పట్టి ముందుకి లాగి, సార్ అని పిలిచి, మాస్కుకి తగిలించిన గాలి బుడగ పిండాను. గాలి పోలేదు. గోడని నెట్టినట్టుంది. మళ్ళీ పిండాను.

అప్పుడు బయటి తలుపు తోసుకుని మా అమ్మ లోపలికి వచ్చింది. ఏడుపు విని కాదు, ఆగిపోవడం విని వచ్చింది. కాళ్ళకి చెప్పులున్నాయి, నోట్లో వక్కాకుంది. పాప మొహం చూసి, వీధిలో ఎవరితోనో మాట్లాడినంత మామూలుగా, "గుక్కబట్టిందిమే. మొహాన ఊదు" అంది. నేను ఊదే స్థితిలో లేను. నా భుజాన్ని పక్కకి నెట్టి, వంగి, మాస్కు పైన నుదుటి మీదా కళ్ళ మీదా తనే గట్టిగా ఊదింది. పాప ముంగురులు ఎగిరాయి. వక్కాకు వాసన నాకు కూడా తగిలింది.

అదే క్షణంలో నేను మూడోసారో నాలుగోసారో పిండుతున్నాను. చేతి కింద గోడ కరిగింది. గాలి లోపలికి పోయింది. పాప ఛాతీ నిండా ఒక గుక్క లాక్కుని, దగ్గి, బొంగురు గొంతుతో ఏడుపందుకుంది. సిరంజి పట్టుకుని పరిగెత్తుకొచ్చిన డాక్టరు గారు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, సిరంజి పక్కన పెట్టేశారు. పెద్దావిడని బయటికి పంపండి అన్నారు.

నేను అమ్మని చెప్పుల గురించి తిట్టాను. ఆపరేషన్ గది దాకా చెప్పులతో వస్తావా, బుద్ధుందా అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ క్షణంలో నాకు దొరికిన కోపం అదొక్కటే. అమ్మ చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

పాపని వార్డుకి మార్చాక అసలు సంగతి బయటపడింది. పాపకి ఏడాది నిండినప్పటి నుంచీ గుక్క పట్టడం ఉందట. కోరింది ఇవ్వకపోతే ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టి నీలం తిరిగిపోతుందట. మొన్న చేతిలో ఫోన్ లాక్కుంటే కూడా పట్టిందట. పొద్దున అన్ని ప్రశ్నలు అడిగితే ఒక్కరైనా నోరు విప్పరా అన్నాను. మరదలు తల వంచుకుంది. మా అమ్మ మాత్రం నన్నే వింతగా చూసింది.

"అదేమన్నా రోగమా చెప్పుకోడానికి? మొండితనం. అచ్చం వాళ్ళ నాయన పోలిక" అంది.

ఆ మాట అనేటప్పుడు అమ్మ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. మా వైపు ఏ ఇంట్లో అడిగినా అంతే. పిల్ల గుక్క పడుతుందంటే ఎవరి పోలికో చెబుతారు, డాక్టరుకి చెప్పరు. ఎత్తుకున్న వాళ్ళు మొహాన ఊదుతారు, నీళ్ళు చిలకరిస్తారు, తిప్పుకున్నాక కోరింది చేతిలో పెడతారు. నేనూ ఆ ఇంట్లో పుట్టినదాన్నే. మా తమ్ముడు చిన్నప్పుడు గుక్కల మొనగాడు. అమ్మ చేనికి పోతే వాణ్ణి నాకు అప్పజెప్పేది. వాడు బిగుసుకుపోయి నీలంగా అయితే నేను బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదేదాన్ని. వాడు తిప్పుకునేవాడు. నా ఊపిరి పోసి వాణ్ణి బతికిస్తున్నానని పెద్దయ్యేదాకా నమ్మాను. అంత తెలిసినదాన్ని, ఆపరేషన్ గది పక్కన నిలబడితే మాత్రం గుక్క అనే మాటే నాకు తట్టలేదు. అక్కడ అన్నిటికీ వేరే పేర్లున్నాయి.

అందుకే నర్సువయ్యావన్నమాట అని మా వార్డు ఆయా అంది. అలా అనుకుంటే ముచ్చటగానే ఉంటుంది. నిజమేమిటంటే సీటు వచ్చింది, చేరాను.

కేసులన్నీ అయ్యాక డాక్టరు గారు టీ తాగుతుంటే వెళ్ళి అడిగాను. గొంతు బిగుసుకుంది, మీరు గాలి నెట్టారు, విడింది అన్నారు. గుక్క సంగతి చెప్పాను. అదీ అయ్యుండొచ్చు, రెండూ కలిసి కూడా వచ్చుండొచ్చు అన్నారు. మరి ఊదితే వచ్చిందా అంటే, గుక్క ఊదకపోయినా దానంతట అదే వదులుతుంది అన్నారు. గొంతు బిగుసుకోవడం కూడా ఒక్కోసారి దానంతట అదే విడుతుందట. నాకు తిక్క రేగింది. అంటే మేమిద్దరం అక్కడ లేకపోయినా పిల్ల తిప్పుకునేదేనా అని అడిగాను.

"లేకుండా చూసేంత ధైర్యం నాకు లేదు సిస్టర్" అన్నారు ఆయన.

వార్డులో మా అమ్మకి ఇలాంటి అనుమానాలేం లేవు. పక్క మంచాల వాళ్ళకి, టిఫిను అమ్మే అతనికి, ఊడవడానికి వచ్చినామెకి, డాక్టర్ల వల్ల కానిది తను ఒక్క ఊదుతో ఎలా చేసిందో చెప్పింది. నేను వింటూ సెలైన్ సర్దాను. కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, అవునని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఆ మధ్యాహ్నమంతా ఎవరు ఏం అడిగినా సగం వినేదాన్ని. నా చేతులకేసి చూసుకునేదాన్ని.

అసలు దెబ్బ సాయంత్రం తగిలింది. పాపకి ఐస్‌క్రీమ్ పెట్టొచ్చన్నారు. కప్పు కొనుక్కుని వెళ్ళాను. నన్ను చూడగానే అది మరదలి కొంగులోకి దూరింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, ఆ ఎర్రటి గోళ్ళు బయటికి కనబడేలా. ఏమైంది తల్లీ అంటే చెప్పలేదు. తమ్ముడు ఫోన్లో కనబడగానే మాత్రం బొంగురు గొంతుతో చెప్పింది.

"నాయనా, అత్త నా నోరు మూసింది. గాలి రాకుండా మూసింది."

మత్తు దిగేటప్పటి సంగతులు పిల్లలకి గుర్తుండవని నేనే ఎంతోమంది తల్లులకి చెప్పాను. ఈ పిల్లకి ఆ ఒక్కటీ గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి ఎవరో మొహం మీద ఏదో అదిమి పట్టుకున్నారు, ఊపిరి లేదు, ఆ మనిషి అత్త. దాని లెక్కలో తప్పు ఎక్కడుందో నాకు కనబడలేదు. తమ్ముడు నవ్వేసి, అత్త డాక్టరమ్మరా అన్నాడు. ఐస్‌క్రీమ్ కప్పు మరదలి చేతికిచ్చి బయట మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. గయ్యాళి సిస్టరు ఏడుస్తోందని ఎవరైనా చూస్తారేమోనని మళ్ళీ లోపలికి పోయాను.

లోపల మా అమ్మ పాపకి చెంచాతో తినిపిస్తోంది. నేను తలుపు దగ్గర ఉండటం చూడలేదు. "మూయలేదుమే. గుక్కబడితే మీ అత్తే గదా నీ మొహాన ఊదింది. అందుకే తిప్పుకున్నావు" అంటోంది. పొద్దున్నుంచి నువ్వే ఊదావని ఊరంతా చాటావు గదా అని నేను అమ్మని అడగలేదు. పాప నమ్మలేదు. అవ్వ మొహం చూసి, ఇంకో చెంచాకి నోరు తెరిచింది.

మర్నాడు పంపేశారు. ఉదయగిరి బస్సు ఎక్కించడానికి నేనే వెళ్ళాను. మరదలి చంకలో ఉన్న పాప దారంతా నా వైపు చూడలేదు. బస్సులో కిటికీ పక్క సీట్లో అప్పటికే ఎవరో పెద్దాయన కూర్చుని, తల వెనక్కి వాల్చి నిద్రపోతున్నాడు. కిటికీ కావాలని పాప మొదలుపెట్టింది. గొంతు నొప్పితోనే ఏడ్చింది. మరదలు సముదాయిస్తుండగానే ఏడుపు సాగింది. సాగి సన్నబడి ఆగింది.

నోరు తెరిచే ఉంది. పెదవుల చుట్టూ నీలం పాకుతోంది. ఈసారి రక్తం లేదు, మిషను లేదు, నా దగ్గర మాస్కూ లేదు. కడుపు కదలడం లేదు, మెడ కింద గుంట పడటం లేదు. గుక్కే. బస్సులో ఎవరో నీళ్ళు కొట్టండి అన్నారు. నేను మా అమ్మ కోసం చూశాను. అమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని ఎదురు సీట్లో కూర్చునే ఉంది, లేవలేదు.

"నువ్వే ఊదు" అంది.

దానంతట అదే వదులుతుందని డాక్టరు గారు చెప్పింది గుర్తుంది. ఊదాల్సిన పని లేదని తెలుసు. అయినా పాపని మరదలి చేతుల్లోంచి తీసుకుని, చిన్నప్పుడు తమ్ముడికి ఊదినట్టు బుగ్గలు నింపుకుని దాని మొహాన ఊదాను. కనురెప్పలు టపటపలాడాయి. పాప ఒక్కసారిగా గాలి లాక్కుంది. నా ఊపిరికే వచ్చిందో, రావాల్సిన వేళకి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఏడుపు ఆపి నా మొహం చూసింది. చాలాసేపు చూసింది, కళ్ళ నుంచి నోటి దాకా. తర్వాత ఎర్రటి గోళ్ళ చెయ్యి ఒకటి తెచ్చి నా బుగ్గ మీద పెట్టింది.

"మళ్ళా ఊదత్తా" అంది.